మేడం చాపిన కాలు

గురువారం పొద్దున్న కవిటి నుంచి నా పాత జట్టు స్నేహితురాలు ఫోన్ చేసింది. "మేడం పోనారే" అంది. ఏ మేడం అని నేను అడగలేదు. మా ఇద్దరికీ మేడం అంటే ఒక్కరే, హైస్కూల్లో మాకు కబడ్డీ నేర్పిన డ్రిల్లు మేడం. కిడ్నీలు. ఇంటికో కిడ్నీ రోగి ఉండే మా ఉద్దానంలో ఆ మాట విన్నాక ఇంకేమీ అడగరు. ఏడుపు రాలేదు. పొయ్యి మీది అన్నం దించి, అక్కడే గోడకి చేరగిలబడ్డాను. ఇలాంటి ఫోన్లు విని విని అలసిపోయాను.

మా బడి చుట్టూ జీడితోటలు, నేలంతా ఇసక. సున్నంతో గీత గీస్తే రెండు కూతలకే చెరిగిపోయేది. అందుకని మేడం కొబ్బరితాళ్ళు పరిచి, మేకులు దిగ్గొట్టి కోర్టు తయారుచేసేవారు. ఆవిడ సంచిలో విజిల్, నెయిల్ కట్టర్, సూదీదారం ఎప్పుడూ ఉండేవి. గోళ్ళు పెంచిన పిల్లకి ఆ రోజు ఆట లేదు. ఎదుటిపిల్ల జడ పట్టుకుంటే ఇంటికే. బట్ట పట్టుకుంటే వారం రోజులపాటు తాళ్ళు చుట్టే పని.

"దాని మొగం సూడకే, కాళ్ళు సూడు. మొగం అబద్దమాడతాది, కాలు ఆడలేదు" అనేవారు. చీలమండ పట్టు నేర్పడానికి ముందు తన కాలే ఇచ్చేవారు. కుచ్చిళ్ళు ఎగదోపి, కూత పెడుతూ మా మధ్యకి వచ్చి, కాలు చాపి, "ఏదీ, పట్టు సూద్దాం" అనేవారు. కొత్తపిల్లల గీరుళ్ళతో ఆ కాలు ఎప్పుడూ ఎర్రగానే ఉండేది. "ఆపడానికి పట్టాల, ఇరగ్గొట్టడానికి కాదు." పడగొట్టిన పిల్లే చెయ్యిచ్చి లేపి, పడ్డ పిల్ల ఒంటిమీది ఇసక దులపాలి. పట్టు కంటే ఈ మర్యాదలకే ఎక్కువసేపు పడుతోందని నేను సణుక్కునేదాన్ని.

తొమ్మిదో తరగతిలో, టెక్కలిలో ఫైనల్. ఓడితే ఆడపిల్లలకి కబడ్డీ కట్టిపెట్టెయ్యమని ఊరి పెద్దలు అప్పటికే హెడ్మాస్టారి చెవిలో వేసి ఉంచారు. అది మాకూ తెలుసు. చివరి కూత వాళ్ళది, పాయింట్లు సమానం. అవతలి పిల్ల వెనక్కి తిరిగింది. కాలికోసం దూకాను, అందలేదు. చేతికి దొరికింది చొక్కా. లాగేశాను. గీతకి జానెడు దూరంలో పడింది.

"సొక్కా పట్టీసినాదండీ!" అని ఆ పిల్ల గగ్గోలు పెట్టింది. అవతలి పక్కనున్న అంపైరుకి కనపడలేదు. నన్ను అడిగాడు. "నేదండీ, నడుం పట్టినాను" అన్నాను. ఆయన మేడం కేసి చూశాడు. మేడం ఏమీ అనలేదు. గెలిచేశాం.

గంతులేసి వచ్చి చూస్తే, మేడం మెట్ల మీద కూర్చుని ఆ పిల్ల చొక్కాకి ఊడిన గుండీ కుడుతున్నారు. ఆ పిల్ల వెక్కుతూ నిలబడి ఉంది. మేడం పళ్ళతో దారం తెంపి, తలెత్తకుండానే "ఇసక దులిపినావేటే?" అన్నారు. దులపబోతే ఆ పిల్ల నా చెయ్యి తోసేసింది.

బళ్ళో మా ఆట నిలబడింది. మేడం ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. మర్నాటి నుంచి రోజూ అందరికంటే ముందు నన్నే పిలిచి కాలు చాపేవారు. తిట్టినా బాగుండేది.

పోయిన వేసవిలో పలాస స్టేషన్లో కనపడ్డారు. డయాలిసిస్ కోసం వారానికి రెండుసార్లు విశాఖ వెళ్తున్నారట. "ఎల్లడం, రావడం, మర్నాడు తొంగోడం. ఇదే డ్యూటీ అయిపోనాది" అని నవ్వారు. రైలు లేటు. పక్కన కూర్చుని, ఇన్నేళ్ళు మోసినది దించేశాను. "మేడం, ఆ రోజు నాను సొక్కా పట్టీసినాను."

"తెల్దేటి? నాకు కళ్ళు నేవా?" అన్నారు. "నువ్వు సిన్నగుంటవి. అంపైరు నాకేసి సూసినాడు కదే. నాను సెప్పాల. సెప్తే ఆట కట్టిపెట్టేత్తారని నోరు మూసీసినాను. మర్నాటి నుంచి మీకు నాయం ఏ మొగంతో సెప్పినానో నాకే తెల్దు."

"ఆట ఆగిపోతే నాను ఈయాల పిల్లలకి ఆట నేర్పీదాన్నా మేడం?" అన్నాను. ఈ బతుకు ఆవిడ పెట్టిందే. ఆ మాట సూటిగా చెప్పాల్సింది, చెప్పలేకపోయాను.

"అదీ నిజివే. తప్పు తప్పే" అన్నారు. గొంతులో ఓపిక లేదు. చెప్పు విడిచి, కాలు నా వైపు చాపారు. పాదం పొంగి ఉంది. "ఏదీ, పట్టు సూద్దాం."

కింద కూర్చుని చీలమండ పట్టుకున్నాను, ఆవిడ నేర్పినట్టే, నొప్పి పెట్టకుండా.

"బాగుందే. ఇంక వొగ్గీ, బండొచ్చీసినాది."

చెయ్యి తీశాను. ఉబ్బిన కాలి మీద నా వేళ్ళు నొక్కిన చోట గుంటలు పడ్డాయి. రైలు మెట్టెక్కడానికి ఆవిడ చీర కాస్త ఎత్తినప్పుడు మళ్ళీ కనిపించాయి. ఇంకా పూడలేదు.