ఎస్తేరు టీచరు అనని మాట

ఆదివారం చర్చిలో అందరం గొంతు కలిపి ప్రభువు ప్రార్థన చెబుతున్నప్పుడు, క్షమాపణ గురించిన వాక్యం దగ్గర నా చెవి దానంతటదే పక్కకు మళ్ళుతుంది. చిన్నప్పుడు నా పక్కన నిలబడే ఎస్తేరు టీచరు ఆ ఒక్క వాక్యం దగ్గర నోరు మూసుకునేవారు. తర్వాతి మాటకు మళ్ళీ గొంతు కలిపేవారు. ఇన్నేళ్ళయినా ఆ చోట నాకు ఆ మౌనమే వినిపిస్తుంది.

డైరీ ఫార్మ్ పేటలో మా పక్కిల్లే ఆమెది. పగలు బడిలో హిందీలో పాఠాలు చెప్పి, సాయంత్రాలు వరండాలో మా బోటి పిల్లలకు తెలుగు నేర్పేవారు. నేనిప్పుడు రాస్తున్న ఈ అక్షరాలు ఆమె దిద్దించినవే. యుద్ధంలో జపాను వాళ్ళు మేముండే ఈ ద్వీపాలను ఏలిన రోజుల్లో ఆమె భర్తను గూఢచారి అని పట్టుకుపోయారట. ఆయన తిరిగి రాలేదు, శవమూ దొరకలేదు. వాళ్ళకు ఆయన పేరు చెప్పింది యోనా అని, మా చర్చి మనిషే. యుద్ధం ముగిసి, స్వాతంత్ర్యం వచ్చాక కూడా అతను అవతలి ఒడ్డున బాంబూఫ్లాట్ జెట్టీ దగ్గర టీ కొట్టు పెట్టుకుని ఇక్కడే ఉండిపోయాడు.

ఒక వానాకాలం సాయంత్రం, మేం చదువుకుంటుండగా, కూతురు రూతును వెంటబెట్టుకుని వచ్చాడు. మెట్టు ఎక్కకుండా వానలోనే నిలబడ్డాడు.

“నన్ను మాఫ్ చేసీండి దీదీ. చితక్కొట్టీసి ఎవరిదో ఒక పేరు చెప్పమన్నారు. భయ్యా పేరు నోటికొచ్చీసింది.”

అతని కుడిచేతి వేళ్ళకు గోళ్ళు లేవు. టీచరు ఆ చేతిని చూశారు.

“నా ఏడుపు నాది. దాన్ని మాఫ్ చెయ్యమంటే ఎప్పటికైనా చేస్తానేమో. పోయింది ఆయన ప్రాణం కదా యోనా. ఆయన తరఫున చెప్పడానికి నేనెవర్ని?” అన్నారు. అతను వెనుదిరిగాక, “పిల్లని రేపట్నుంచి చదువుకు పంపు” అన్నారు. మా అందరి చేతులూ పట్టుకుని దిద్దించినట్టే రూతు చెయ్యీ పట్టుకుని దిద్దించారు. ఇది చూసి పాస్టరుగారు, “ఆ ఒక్క మాట నోటితో కూడా అనెయ్యండమ్మా” అంటే, “దేవుడి ముందు అబద్ధమాడమంటారా అయ్యగారూ?” అని అడిగారు.

కొన్నేళ్ళకు యోనాకు పక్షవాతం వచ్చింది. తల్లి లేని రూతు ఒక్కతే అవస్థ పడుతోందని టీచరు బడి అయ్యాక ఫెర్రీ ఎక్కి వెళ్ళి అతనికి గంజి తాగించి వచ్చేవారు. నేనూ తోడు వెళ్ళేదాన్ని.

“అంటే క్షమించేశారా టీచర్?” అని అడిగానొకసారి.

“ఏమోనే. గంజి పొయ్యడం వేరు, అది వేరు. రెండూ ఒకటేనేమో కూడా. నాకే తెలీట్లేదు.”

చివరి రోజున అతనికి మాట రాలేదు. ఆమె చెయ్యి పట్టుకుని కళ్ళతోనే అడిగాడు. ఏమడుగుతున్నాడో టీచరుకీ, రూతుకీ, నాకూ తెలుసు. టీచరు అతని మూతి తుడిచారు, తుడుస్తూనే ఉన్నారు. ఆ మాట మాత్రం అనలేదు. అతను అలాగే పోయాడు.

తిరుగు ఫెర్రీలో ఆమె రైలింగ్ పట్టుకుని ఏడ్చారు. “అనేస్తే నాదేం పోయేదే?” అన్నారు. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, “అనేస్తే మరి మా ఆయనకేం మిగిలేది?” అన్నారు.

ఆ రెండు ప్రశ్నల్లో ఏది సరైనదో నాకు ఈనాటికీ తేలలేదు. రూతుకిప్పుడు మనవలు. అబర్డీన్ బజార్‌లో కనిపిస్తే ఎప్పటికో గాని అడగదు, అడిగినప్పుడు మాత్రం నా మొహంలోకి చూస్తూ అడుగుతుంది: “టీచర్ మా నాన్నని మాఫ్ చేసిందంటావా?” ఒకసారి చేశారంటాను, ఒకసారి తెలీదంటాను. ఏది చెప్పినా అటు టీచరు భర్తకో ఇటు యోనాకో అన్యాయం చేసినట్టే ఉంటుంది.