మోకాలు చెప్పిన వానలు

ఆర్మూర్ పసుపు రైతులకు ఫాగ్ కంప్యూటింగ్ అంటే ఏమిటో మొదట చెప్పింది నేనే. అంటే, చెప్పింది నా చిన్నబిడ్డ. పక్కన కూర్చుని తలూపింది నేను. అదీ సగం అర్థమయ్యే ఊపాను.

ఉడకబెట్టిన పసుపు కొమ్ములు కల్లంలో రెండు వారాలు ఎండాలి. ఆ రెండు వారాల్లో ఒక్క చెడగొట్టు వాన పడిందా, రంగు పోతుంది, బూజు పడుతుంది, మార్కెట్ యార్డులో ఎవరూ ముట్టరు. మా కల్లం పది ఇండ్లకు ఉమ్మడిది. వాన సంగతి పావుగంట ముందు తెలిస్తే చాలు, టార్పాలిన్లు కప్పుకుంటాం. కంప్యూటర్ చదువు చదివిన నా బిడ్డ ఆ పావుగంట కోసమే రెండేళ్లు తిప్పలు పడింది.

నిరుడు పొలం గట్ల మీద గాలినీ తేమనూ కొలిచే సెన్సార్లు పెట్టింది. అవి చూసినదంతా ఇంటర్నెట్ మీద ఎక్కడో దూరాన ఉన్న పెద్ద కంప్యూటర్లకు పోయేది. దాన్నే క్లౌడ్, అంటే మబ్బు, అంటారు. అక్కడ లెక్క తేలి ఫోనుకు కబురు రావాలి. కానీ మా దగ్గర గాలి లేచిందంటే ముందు కరెంటు పోతుంది, వెనకే సిగ్నల్ పోతుంది. కొమ్ములన్నీ తడిసి ముద్దయ్యాక ఫోన్ మోగింది: "వాన వచ్చే అవకాశం ఉంది."

"నిమ్మలంగ చెప్పింది బిడ్డా," అన్నాను. ఆమె నవ్వలేదు.

ఈ ఏడు ఒక డబ్బా తెచ్చి, కల్లం పక్కనే నేను పడుకునే అర్రలో గోడకు బిగించింది. లోపల చిన్న కంప్యూటర్, బ్యాటరీ.

"గిదేంది బిడ్డా?"

"ఫాగ్ అంటరు బాపు. మబ్బు పైన ఉంటది, పొగమంచు నేల మీదికి దిగుతది గద. లెక్కలు గూడ గట్లనే, దూరం పోకుండ గీ డబ్బలనే అయితయి. సెన్సార్లు దీనికి రేడియోల చెప్తయి. ఇంటర్నెట్ లేకున్నా ఫికర్ లేదు."

"వానకేనా గిది?"

"యాడ ఆలస్యమైతే నష్టమో ఆడల్ల పనికొస్తది. దవాఖానల గుండె చూసే మిషిన్లు, చౌరస్తల సిగ్నళ్లు, ఫ్యాక్టరీల మోటార్లు."

"అంటే కోర్టుకు పోకుండ ఊళ్లనే పంచాయితి తెంపుకున్నట్టు."

"బాపూ, నువ్వు గూడ ఇంజినీరువే!" అంది. లేదు, అనలేదు. "ఆఁ, గట్లనే అనుకో," అని స్క్రూ బిగించుకుంది.

డబ్బాకు పెట్టాల్సిన సైరన్ ఇంకా రాలేదు. ఎర్ర లైటు మాత్రం ఉంది. "లైటు వెలిగితే వానొస్తున్నట్టు. టైము రాసిపెట్టు, అందరికి చెప్పు," అని నాకు అప్పగించి ఆమె డ్యూటీకి పోయేది.

ఒక మధ్యాహ్నం లైటు వెలిగింది. బయట ఎండ దంచుతోంది. డబ్బా చెప్పిందని చెప్పాల్సినవాణ్ని, ఏం బుద్ధి పుట్టిందో, మోకాలు పట్టుకున్నాను.

"గుంజుతున్నది. పావుగంటల వానొస్తది, కప్పుండ్రి."

నవ్వుకుంటూనే కప్పారు. వాన కొట్టింది. ఒక్క కొమ్ము తడవలేదు.

రెండోసారీ అంతే, మూడోసారీ అంతే. చాయ్ దుకాణంలో నాకు లేచి కుర్చీ ఇచ్చారు. పక్క ఊరివాళ్లు వచ్చి మోకాలు చూసిపోయారు. మా బామ్మర్ది నువ్వుల నూనె కాచి తెచ్చి మూడు రోజులు రాశాడు. మూడో వానకు నేను పొరపాటున రెండో మోకాలు పట్టుకుంటే, దానికీ రాశాడు.

అసలు సంగతి ఏమిటంటే, ఆ సామానంతా నా బిడ్డ చదివిన కాలేజీ అరువిచ్చింది. రైతులు సెన్సార్లు కట్టే ఇంకో ఆరు గుంజలకు గట్ల మీద జాగా ఇస్తే ఇక్కడే ఉంటుంది, ఇవ్వకపోతే నెలాఖరుకు ఊడదీసి వేరే ఊరికి పంపుతామన్నారు. ఆదివారం పొద్దున ఆమె పది ఇండ్లవాళ్లను కల్లంలో కూర్చోబెట్టి అంతా వివరించింది. ముందుగా మా బామ్మర్ది నోరు విప్పాడు.

"డబ్బ మంచిదే కోడలా. కానీ మా బావ మోకాలు ఉండంగ గుంజలెందుకు? దానికి బ్యాటరీ గూడ అక్కర్లేదు."

అందరూ నవ్వారు. నలుగురు లేచి దుమ్ము దులుపుకున్నారు. నా బిడ్డ చేతిలో నేను రాసిన టైముల కాగితం ఉంది. ఆమెకు అప్పుడే అర్థమైంది. నా వైపు చూసింది. ఒక్క మాట చాలు, డబ్బా నిలుస్తుంది, నా పరువు పోతుంది. ఆమె కాగితం మడిచి జేబులో పెట్టుకుంది.

అది చూసి కూర్చోలేకపోయాను.

"కూసోండ్రి. నా మోకాలికి వాన గురించి ఏం తెల్వది. మెట్లెక్కితే నొస్తది, గంతే. అర్రల లైటు చూసొచ్చి చెప్పిన."

"మూడుసార్లా?"

"మూడుసార్లు."

"మరి నా నూనె?" అన్నాడు బామ్మర్ది.

"మంచిగుండె. మస్తు నిద్ర పట్టింది."

"నీ బొంద బావా! రెండు కాళ్లకు రాయించుకుంటివి గదా!"

ఒక పెద్దమ్మ అనుమానంగా అడిగింది, "మరి గా డబ్బ అబద్దమాడదా?"

"దానికి మోకాళ్లు లేవు పెద్దమ్మా," అంది నా బిడ్డ.

నవ్వులు ఆగాక బామ్మర్ది లేచాడు. "మొదటి గుంజ నా గట్టు మీద పాతు కోడలా. ఒక్క షరతు. డబ్బను మీ బాపు అర్రల ఉంచొద్దు. అందరికి కనబడేటట్టు కల్లంల కట్టు."

ఆరు గుంజలూ నేనే పాతాను. అంటే, ఒకటి పట్టుకున్నాను. పాతింది ఆమె.

పోయిన వారం సైరన్ మోగింది. కరెంటు లేదు, సిగ్నల్ లేదు. పది ఇండ్ల మనుషులు ఒక్కసారి ఉరికారు. అందరికంటే ముందు నేనే. అబద్ధం, చెప్పు కోసం వెతికి అందరికంటే వెనక పోయాను. అప్పటికే కల్లమంతా కప్పేశారు. పట్టుకుందామంటే నాకు టార్పాలిన్ మూల ఒక్కటీ మిగల్లేదు. వానలో నిలబడి, "నా బిడ్డ చేసింది," అని వచ్చినవాడికల్లా చెప్పాను. ఆ మాటలో మాత్రం ఒక్క అక్షరం పెంచి చెప్పలేదు.