కింద ఇంట్లో పొయ్యి

మా యారాలు చారుకు పోపు పెడితే ఆ వాసన మెట్లు దిగి, నా గుమ్మం దాటి, నేను పడుకున్న మంచం దాకా వస్తుంది. యారాలంటే మా ఆయన తమ్ముడి భార్య. పై అంతస్తులో ఆమె సంసారం, కింద నాది. హాలియాలో మా మామ కట్టిన ఇల్లు ఒకటే అయినా, అన్నదమ్ములు వేరుపడ్డ నాటి నుంచి పొయ్యిలు రెండు. వాసనకు మాత్రం ఆ పంపకాలు పట్టవు. నేను కళ్లు మూసుకొని ముక్కుతో వెతుకుతాను, ఎండుమిరపకాయలు కాస్త మాడినట్టున్నాయేమో అని ఆశగా. మాడవు. ఆమె ఏదీ మాడ్చదు.

తెలంగాణ వచ్చిన కొత్తలో నాకు ఒక జ్వరం తగిలింది. జ్వరం పోయింది గానీ అది తెచ్చిన అలసట పోలేదు. నల్లగొండ దవాఖానలో రక్తం తీశారు, ఛాతీ ఫోటో తీశారు, అన్నీ బాగున్నాయన్నారు. అన్నీ బాగున్న మనిషి తల దువ్వుకుంటూ దువ్వుకుంటూ, సగం జడతోనే ఎందుకు కూలబడుతుందో మాత్రం చెప్పలేకపోయారు. చాలా దవాఖానలు తిరిగాక ఒక డాక్టరమ్మ కూర్చోబెట్టి విన్నది. ఇది ఒళ్లు వంచని రోగం కాదని, నిజంగా జబ్బేనని, ఈరోజు ఎక్కువ పని చేస్తే దెబ్బ రేపో ఎల్లుండో పడుతుందని చెప్పింది.

"ఒంట్ల మంచిగున్ననాడు గూడ సగం పనే చెయ్యమ్మా. తిండి మాత్రం తక్కువ చెయ్యకు. పప్పు, ఆకుకూర, గుడ్డు, పెరుగు దినాం కడుపులకు పోవాలె."

"సగమంటే మరీ తక్కువైతది మేడం. ముప్పావు చేసుకోండ్రి" అన్నాను అలవాటు కొద్దీ.

ఆమె నవ్వలేదు. "బేరం నాతోని కాదమ్మా, నీ ఒంటితోని. అది ఒక్క రేటు మీదనే ఉంటది."

అంత గట్టి మనిషితో నేనెప్పుడూ వ్యాపారం చేయలేదు. నకిరేకల్‌లో హైవే పక్కన మా బాపుది కిరాణా దుకాణం, దానికి అటూ ఇటూ చిన్నాయనలవి. నేను పలక కన్నా ముందు తరాజు పట్టుకున్నాను. మా బాపుకు తిండి, నిద్ర, దేవుడు అన్నిటికన్నా ఎదురు దుకాణం ముఖ్యం. అక్కడ ఎవరు దిగారు, ఏం కట్టించుకున్నారు, మన గిరాకి అటెందుకు పోతోంది. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటూ కూడా మెడ అటే తిప్పేవాడు. ఆ మెడ నాకు వచ్చింది. పెళ్లయ్యాక చాలాకాలం దానికి పని పడలేదు, ఎందుకంటే మా వీధిలో వంటకు నాదొక్కటే దుకాణం. ఇంటికి ఎవరొచ్చినా తినిపించకుండా పంపేదాన్ని కాదు. నేను మంచం పట్టి ఏడాది తిరక్కముందే అచ్చంపేట దిక్కు నుంచి ఈ పిల్ల మా మరిదికి భార్యగా వచ్చి, సరిగ్గా నా నెత్తి మీద దుకాణం తెరిచింది.

ఆమెను చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది, నాకు తప్ప. భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకొని, వాళ్లమ్మతో మాట్లాడుతూ జొన్నరొట్టెలు తడుతుంది. ఒక్క రొట్టె అంచు పగలదు. అడవి పక్క ఊరు, చిన్నప్పుడంతా గుట్టలెక్కిన కాళ్లు. బిందె నెత్తిన పెట్టుకొని కూడా మెట్లు గబగబా ఎక్కేస్తుంది. ఆమె నగలు చూసి నేనెప్పుడూ కుళ్లుకోలేదు, చీరలు చూసి అసలే లేదు, నావే మంచివి, తక్కువలో తెచ్చినవి. ఆ పిక్కలు చూస్తేనే నాకు కడుపు మండుతుంది.

నా వంట ఇట్లా ఉంటుంది. గట్టు ముందు ఎత్తు స్టూలు వేసుకొని కూర్చుంటాను, నిలబడే పని లేదు. కుక్కర్లో గుప్పెడు బియ్యం, గుప్పెడు పెసరపప్పు, పసుపు, ఉప్పు, ఆ పూట చేతికి దొరికిన ఆకుకూర. పాలకూరో, గంగవాయిలి కూరో, తోటకూరో, నాకు దేనితోనూ పేచీ లేదు. పైన చిన్న గిన్నెలో కడిగిన గుడ్లు పెట్టేస్తే అవీ ఆ ఆవిరికే ఉడుకుతాయి. అది కూత పెట్టేలోపు చింతపండు పిసికి, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ నలిపి, కాస్త బెల్లం వేస్తే పచ్చిపులుసు. దానికి పొయ్యితోనే పనిలేదు. చివర పెరుగు. ఆకుకూర తుంచడం ముందురోజు మధ్యాహ్నమే మంచం మీద కూర్చుని చేసుకుంటాను, తుంచుతూ తుంచుతూ నిద్రపోతే పక్క మీద కాడలు ఉంటాయి, అంతే. పల్లీల పొడి ఒకసారి చేస్తే వారం పది రోజులు వస్తుంది. డాక్టరమ్మ చెప్పినవన్నీ పళ్లెంలోకి వచ్చేవి. రోజూ అవే వచ్చేవి, అదే ఇబ్బంది.

మా బిడ్డ హైదరాబాద్‌లో హాస్టల్లో ఉంటుంది. ఇక ఇంట్లో నేను, మా ఆయన. ఆయన బడిపంతులు, నెమ్మదస్తుడు. కిచిడి పెడితే ఒక్క మాట అనకుండా తినేవాడు. తిన్నాక "జర తమ్మునితోని మాట్లాడొస్త" అని పైకి వెళ్లేవాడు. దిగి వచ్చేటప్పుడు మనిషి కన్నా ముందు బెండకాయ వేపుడు వాసన వచ్చేది.

"తిని వచ్చిన్రా?"

"లేదు, ఊకెనే, రుచి చూడుమంటే..."

"రుచి చూసినోళ్లకు మీసం దాకా నూనె అంటుతదా?"

ఆయన మీసం తుడుచుకొని పేపరు తెరిచేవాడు. ఉన్న ఒక్క గిరాకి అటు పోతుంటే చూస్తూ పడుకోవడం ఎట్లా ఉంటుందో మా బాపుకైనా తెలియదు. ఆయన కనీసం లేచి నిలబడి తిట్టగలిగేవాడు.

ఒక సాయంత్రం మా ఆయన, యారాలు కలిసి నా మంచం దగ్గరికి వచ్చారు. మాట యారాలే ఎత్తింది.

"అక్కా, రెండు పొయ్యిలెందుకు చెప్పు? ఎట్లాగూ నేను వండుతనే ఉన్న. ఇంకో ఇద్దరికి బియ్యం ఎక్కువ పోస్తే అయిపాయె. నువ్వు రంది లేకుంట పండుకో."

మా ఆయన ఫ్యాను కేసి చూస్తూ "నీ మంచికే" అన్నాడు.

పిల్ల మాటలో కల్లాకపటం లేదు, అదే నాకు మరీ మండింది. ఈ ఇంట్లో అప్పటికే బట్టలుతికే చేతులు నావి కావు, ఊడ్చే చీపురు నాది కాదు, పెళ్లిళ్లకు పోయే కాళ్లు నావి కావు. 'ఈపూట ఏం వండాలె' అన్న ఒక్క ప్రశ్న ఇంకా నన్ను అడుగుతున్నారు. అదీ మెట్లెక్కి పైకి పోతే నేను ఈ ఇంట్లో వేళకు అన్నం పెట్టించుకునే రోగిని, ఇంకేం కాను. గడువు అడిగాను.

"బతుకమ్మ పండుగ దాకా ఆగుండ్రి. అప్పటికీ దినాం వండలేకపోతే నేనే పొయ్యి ఎత్తి ఇస్త."

సరేనన్నారు. ఇక్కడ దుకాణపోళ్ల పిల్ల తప్ప ఎవరూ చేయని తప్పు చేశాను. సరుకు దిగిన రోజు ఉన్నదంతా దుకాణం ముందు వేలాడదీయాలి, ఎదుటివాడి కళ్లు కుట్టాలి, అది మా ఇంటి పద్ధతి. ఒక ఆదివారం పొద్దున లేచేసరికి ఒళ్లు తేలిగ్గా ఉంది. ఎన్నాళ్లకో దిగిన సరుకు. సగం దాచుకోవాలన్న మాట గుర్తుంది గానీ, పైనుంచి రొట్టెల చప్పుడు వినిపిస్తోంది. స్టూలు పక్కకు తన్నేశాను. నిలబడి బగారన్నం వండాను, మాంసం కూర వండాను, గుత్తివంకాయ, బచ్చలికూర పప్పు, సర్వపిండి. వాసన పైకెక్కాలని వీధి తలుపు బార్లా తెరిచి పెట్టాను. గిన్నె నిండా కూర పైకి పంపాను.

మా ఆయన వేళ్లు నాకుతూ "ఇగో, గిట్లుండాలె" అన్నాడు. యారాలు గిన్నె తిరిగిస్తూ గుమ్మంలో నిలబడింది.

"అబ్బ! గింత మంచిగ వండుతవ్ గద అక్కా, మరి దినామెందుకు వండవ్?"

పొగిడిందో పొడిచిందో ఇప్పటికీ తెలియదు. మూడోనాడు పొద్దున నేను నీళ్ల గ్లాసు ఎత్తలేకపోయాను. వెలుతురు కళ్లకు పడక కిటికీ తెర లాగించాను. ఇక రోజూ పైనుంచి గిన్నెలు దిగాయి. సొరకాయ పాలు పోసి మెత్తగా వండింది, నా కోసమని కారం తగ్గించింది. నాలుకతో దాన్నంతా గాలించాను. ఉప్పు సరిపోయింది. పులుపు సరిపోయింది. రెండోసారి పెట్టించుకొని తిన్నాను, తింటూ కుళ్లుకున్నాను. కడుపు నిండింది గానీ అందులోని మంట తగ్గలేదు.

కాస్త తేరుకున్న రోజుల్లో ఒక పొద్దున గేటు ముందు కూరగాయల బండి ఆగింది. యారాలు బేరం చేస్తోంది. చేస్తోంది అనడం మర్యాదకే, ఆ బండామె ఏది చేతిలో పెడితే అది సంచిలో వేసుకుంటోంది. నా మంచం కిటికీ పక్కనే. వినలేకపోయాను.

"ఏయ్! ఆ బెండకాయ కొస ఇరిచి చూడవే. ముదిరినయ్ అవి!"

బండామె అదిరిపడి కిటికీ వైపు చూసింది. "అమ్మో, పండుకున్నామె లేసింది! ఇగ నా పని ఆగమే."

"లేవలే, పండుకునే మాట్లాడుతున్న. వంకాయల్ల పుచ్చులున్నయ్, ఏరి పెట్టు. కొత్తిమీర ఊకెనే ఎయ్యి. నిన్న పక్కింటామెకు ఎంతకిచ్చినవో నాకు ఇనొచ్చింది."

"పండుకొని గూడ ప్రాణం తీస్తున్నవ్ తల్లీ!" అని తిడుతూనే ఏరి పెట్టింది, కొత్తిమీర కూడా వేసింది.

యారాలు సంచి పట్టుకొని నా గదిలోకి వచ్చి, కొత్త మనిషిని చూసినట్టు చూసింది. నాకు అప్పుడే తోచింది. అంగడి తెరిచే వేళ ఇదేననుకున్నాను.

"వండిన కూర పంపకు చెల్లె. నీకు తరిగేటప్పుడు నాకు గూడ ఓ గుప్పెడు తరిగి డబ్బాల పెట్టు. నువ్వు అల్లం ఎల్లిగడ్డ నూరినప్పుడు నాకో చెంచా. నేను స్టూలు మీద కూసోని కుక్కర్ ఎక్కిస్త."

"మరి నువ్వేం చేస్తవ్?"

"గీ కిటికీ కాడ నుంచి రెండిండ్లకు కూరగాయలు బేరం చేస్త. ఇన్నాళ్లు ఆమె నీకు అన్నీ ముదుర్లే అంటగట్టింది."

ఆమె సంచి కింద పెట్టింది. "వండేదేం పని అక్కా, తరిగేదే పని. పనంతా నాతోని చేపిచ్చుకొని పేరు నువ్వు కొట్టేస్తవన్నట్టు."

"అవు."

పకపకా నవ్వింది. నవ్వి, అమాయకురాలనుకున్న పిల్ల, బేరంలో తన కొసరు అడిగింది. "అయితే ఐతారం నాడు మా ఇంటిల్లిపాది నీ కాడనే తింటం. ఆ ఒక్కనాడు నేను పొయ్యి ముట్టియ్య."

"కిచిడే పెడత."

"కిచిడే పెట్టు. నీకేందక్కా, ఒక్క కుక్కర్ పెట్టి కూసుంటవ్. ఇంకో కూరేదని నిన్నెవలడుగుతరు? నాకు పొద్దుగాల రొట్టె, మాపటికి అన్నం, మీ మరిదికి వేపుడు, పిల్లలకు వేరే. దినాం నిన్ను చూసి అనుకుంట, ఈమె పని మంచిగుందని."

నేను లేచి కూర్చున్నాను. ఇన్నేళ్లు మెడ తిప్పి నేను ఆమెను చూస్తుంటే, పైనుంచి ఆమె నా కుక్కర్‌ను చూస్తోందన్నమాట.

"అయితే ఆ కుక్కర్ తీస్కపో. దాంతోని ఈ రోగపు పానం గూడ తీస్కపోవాలె. విడివిడిగ ఇయ్య."

ఆమె నవ్వు ఆగింది. సంచిలోంచి బెండకాయలు తీసి, ఒక్కోదాని కొస విరిచి చూడటం మొదలుపెట్టింది. "ఐతారం ఎన్ని గంటలకు రావాలె?" అని మాత్రం అడిగింది.

బతుకమ్మ పండుగ వచ్చింది, పోయింది. తరిగిన డబ్బా పొద్దునే నా గట్టు మీదకు వస్తుంది, కుక్కర్ కూత పెడుతుంది. పొయ్యి ఎత్తేసే మాట ఎవరూ ఎత్తలేదు. మా ఆయన ఇప్పటికీ పైకి వెళ్లి మీసానికి నూనెతోనే దిగుతాడు. నాకు ఇప్పటికీ మండుతుంది.

మొన్న ఆదివారం అందరూ కిందకి దిగారు. పెద్ద కుక్కర్లో కిచిడి, పచ్చిపులుసు, గుడ్లు, పెరుగు. మా మరిది పళ్లెం ముందు అటూ ఇటూ చూసి "కూరేది వదినా?" అన్నాడు. యారాలే జవాబిచ్చింది, "గంతే. తిను." తను మాత్రం కాళ్లు బారచాపుకొని మళ్లీ మళ్లీ వేయించుకుంది. తిన్నాక చేయి కడుక్కొని వచ్చి నా మంచం మీద అట్లా ఒరిగింది. మాట మధ్యలోనే నిద్రపోయింది, నోరు కాస్త తెరిచి, చిన్న గురకతో. పిల్లలు మీద పడి దొర్లినా కదల్లేదు. కాసేపటికి లేస్తే ఆమె ఒళ్లు మళ్లీ కొత్తగా ఉంటుంది. రోజంతా ఆ మంచం మీదే ఉండే నాకు, ఎంత పడుకున్నా లేచాక పడుకోని దానిలాగే ఉండే నాకు, ఆ నిద్ర రాదు. స్టూలు మీద కూర్చొని ఆమెనే చూశాను. పిక్కలు, రొట్టెలు, వేపుడు, అవన్నీ పోనీ, ఆ గురక ఒక్కటీ ఇప్పించమని ఎవరిని అడగాలో తెలిస్తే ఎంతకైనా కొనేదాన్ని.

అంట్లు అట్లాగే ఉన్నాయి. ఐతారం అంట్లు ఎవరు తోమాలన్నది మేము మాట్లాడుకోలేదు. ఆమె కళ్లు తెరవగానే బేరం మొదలుపెడదామని, గొంతు సవరించుకొని కూర్చున్నాను.