మా ఆంటీ పెరట్లో మెట్ట తామర

ఎమ్మెస్సీ చివరి ఏడాది నాకు దొరికిన ప్రాజెక్టు తామర. చర్మం మీద గుండ్రంగా లేచి దురద పెట్టే ఆ జబ్బుకు మూలమైన ఫంగస్‌ను గాజు ప్లేట్లలో పెంచి, దాని మీద ఆకుల పసర్లు పనిచేస్తాయో లేదో చూడాలి. అప్పటికి మేం విజయనగరం నుంచి వచ్చి మెట్టుగూడలో అద్దెకుంటున్నాం. ఒక పొద్దున పెరట్లో వేపాకు కోస్తుంటే ఇంటి ఓనరాంటీ చూసింది.

"తామరకు వేపాకు ఏంజేస్తది బిడ్డా? గా గోడకాడ మెట్ట తామర చెట్టుంది, దాని ఆకు కోస్కపో. మా అమ్మ గదే నూరి పూసేది."

వేపాకును నీళ్ళతో నూరాను. ఆంటీ చెప్పిన ఆకును మాత్రం స్పిరిట్‌లో నానబెట్టాను. వారానికి చూస్తే వేపరసం చుట్టూ ఫంగస్ దర్జాగా పెరిగింది. మెట్ట తామర పసరు చుట్టూ మాత్రం దాని జాడే లేదు. పరుగున వచ్చి ఆంటీకి చెప్పాను. సాయంత్రానికల్లా వీధంతా తెలిసిపోయింది.

మర్నాడు ల్యాబులో మా ప్రాజెక్టు గైడు మేడమ్ ఒక్కటే అడిగింది. "ఉత్త స్పిరిట్ పోసిన ప్లేటేదీ?"

నేనది పెట్టలేదు. పెట్టి చూస్తే దాని చుట్టూ కూడా ఫంగస్ లేదు! రెండు రోజులు ఆంటీ కంటపడకుండా తిరిగి, మూడో రోజు చెప్పేశాను.

"అంటే నా ఆకు పన్జెయ్యలే?"

"తెలీదాంటీ. ఆకు పనో, స్పిరిట్ పనో. మళ్ళీ చెయ్యాలి."

"మల్ల జెయ్యి మరి. గింత దానికి పరేషానెందుకు?" అని తనే సంచీ నిండా ఆకు కోసిచ్చింది.

ఈసారి రెండు ఆకుల్నీ స్పిరిట్‌లోనే నానబెట్టి, స్పిరిట్ అంతా ఆవిరయ్యాక మిగిలిన పసరునే వాడాను. పక్కనే మందుల షాపు మందు కూడా పెట్టాను. ఫలితం చూసే రోజు ఆంటీ పట్టుచీర కట్టుకుని నాతో ల్యాబుకొచ్చింది. ఆమె ఆకు నిజంగానే పనిచేసింది, వేపకన్నా మేలుగా. కానీ మందు చుట్టూ ఫంగస్ లేకుండా ఏర్పడిన ఖాళీలో సగం కూడా దాని చుట్టూ లేదు.

"గింతేనా?" అంది ఆంటీ. అటూ ఇటూ ఎవరూ లేరని చూసుకుని చీర కుచ్చెళ్ళు కాస్త పైకెత్తింది. చీలమండ మీద అరచేయంత తామర.

"నెలాయె. రోజూ ఆకు పూస్తనే ఉన్న."

"డాక్టర్‌కి చూపించలేదా ఆంటీ?"

"గల్లీ మొత్తం నా ఆకు ముచ్చట చెప్పుకున్నంక డాక్టర్‌కాడికి ఎట్ల పోవాల్నే?"

నవ్వాపుకోలేక, అటునుంచటే చర్మ వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళాను. నెలపాటు రాయమని క్రీమిచ్చాడు. దురద తగ్గగానే ఆమె మానేయబోయింది. రోజూ కాలేజీకి వెళ్తూ వాళ్ళ గుమ్మంలో ఆగి, కళ్ళెదుటే రాయించి వెళ్ళేదాన్ని. నెల తిరిగేసరికి మచ్చ కూడా మాసిపోయింది.