ఎర్ర కాళ్ళు చూసిన సౌందరరాజన్

విల్లియనూరులో ఎరువుల కొట్టు పెట్టుకుని, దేవుడి మీద ఒట్టు పెట్టకుండా సరుకు అమ్మగలిగిన మనిషి సౌందరరాజన్ ఒక్కడే. యూరియా గడ్డ కడితే గడ్డ కట్టిందనే చెప్పేవాడు. పురుగుమందు పాతదైతే, "దీనికి పురుగు చావదు సామీ, నవ్వుతాది" అని పక్కన పెట్టించేవాడు. అలాంటివాడు ఆదివారం పొద్దున నోరు తెరిస్తే మాత్రం అబద్ధం. అదీ పిట్టల విషయంలో.

దీనికంతటికీ మూలం షుగరు. డాక్టరు నడవమన్నాడు. పనీపాటా లేకుండా నడిచేవాణ్ణి వాళ్ళ వంశంలో పిచ్చోడంటారు. అంచేత ఏదో ఒక సాకు కావాలి. ఊసుటేరి చెరువు గట్టు మీద పక్షులు చూసే సంఘం ఒకటి నడుస్తుందని, నడక అయ్యాక అక్కడే పొంగలి, వడ పొట్లాలు విప్పుతారని తెలిసి అందులో చేరిపోయాడు. షుగరు తగ్గిందా అని అడక్కండి. వడలు మాత్రం బాగుండేవి.

సంఘానికి ఉన్నది ఒక్కటే బైనాక్యులర్. అధ్యక్షుడు భీమేశ్వరరావు యానాం నుంచి బదిలీ మీద వచ్చిన ఆఫీసరు. ముందు ఆయన చూసి, "అద్భుతమండీ" అని పక్కవాళ్ళకు ఇచ్చేవాడు. చేతులు మారి మారి అది సౌందరరాజన్ దగ్గరికి వచ్చేది. ఈయనవి చిన్నప్పటి నుంచీ సోడాబుడ్డి కళ్ళద్దాలు. వాటి మీద ఆనించి చూస్తే నల్లటి గుహ, అందులో ఎక్కడో చిల్లుకానీ అంత వెలుతురు. అద్దాలు తీసేస్తే చెరువేదో గట్టేదో తెలియదు. తిప్పి సరిచేసుకునేలోపు పక్కవాడి చెయ్యి సిద్ధంగా ఉండేది.

మొదటి ఆదివారమే "నాకేం కనబళ్ళా" అని ఉంటే పోయేది. కానీ పదిమంది మొహంలోకి చూస్తూ "కనబడిందా?" అంటే, పెళ్ళిచూపుల్లో పిల్ల నచ్చిందా అని అడిగినట్టే ఉంటుంది. "ఆఁ, బాగుంది" అనేశాడు. ఒక వారం బాగున్నది మరుసటి వారం కనబడకుండా ఎట్లా పోతుంది?

ఒక చలికాలం పొద్దున ఆవలి ఒడ్డున నల్ల కొంగ దిగిందని గుసగుస బయల్దేరింది. అది ఈ వైపు రావడం చాలా అరుదు. తన వంతు వచ్చాక సౌందరరాజన్ యథాప్రకారం గుహలోకి చూశాడు. అందరూ ఊపిరి బిగబట్టి ఉన్నారు. ఏదో ఒకటి అనాలి గదా అని, పుస్తకంలో బొమ్మ గుర్తు తెచ్చుకుని, "కాళ్ళు ఎర్రగా ఉండాయి" అన్నాడు. అంతే. అప్పటికే చూసేసినవాళ్ళకు కూడా ఎర్ర కాళ్ళు గుర్తొచ్చాయి. భీమేశ్వరరావు ఆ సంగతి పేపరుకు కూడా రాశాడు. ఆ రోజు నుంచి సంఘంలో సౌందరరాజన్ కంటికి తిరుగు లేదు.

రెండువేల ఆరు వానలకు పాత బైనాక్యులర్ లోపల బూజు పట్టింది. కొత్తది కొనాలి. ఎవరు ఎంచాలి? ఇంకెవరు, ఎర్ర కాళ్ళు చూసిన కన్నుంది గదా.

నెహ్రూ వీధిలో అళగేశన్ కెమెరాల కొట్టుకు భార్య మంగళాన్ని వెంటబెట్టుకుని వెళ్ళాడు. ఆమె వచ్చింది స్టీలు గిన్నెల కోసం. అళగేశన్ బల్ల మీద రెండు పెట్టి, "ఇది ఇరవై రెట్లు దగ్గరికి తెస్తుంది సార్, అది ఎనిమిదే. కానీ ధర ఆ ఎనిమిదిదే ఎక్కువ" అన్నాడు. సౌందరరాజన్ ఇరవైలోకి చూశాడు. గుహ. ఎనిమిదిలోకి చూశాడు. అదీ గుహే. ఇక పెట్టె అందం చూసి కొనేద్దామనుకున్నాడు.

కొత్త వస్తువు ఏదైనా కొంగుతో తుడవందే మంగళం ఇంటికి రానివ్వదు. ఎనిమిదిని చేతిలోకి తీసుకుని, "సందుల్లో దుమ్ముండాది" అంటూ, కంటి దగ్గరుండే రబ్బరు అంచుల్ని కుక్కరు గ్యాస్కెట్టు తిరగేసినట్టు వెనక్కి మడిచి, తుడిచి, అలాగే ఇచ్చింది.

ఆయన మళ్ళీ కళ్ళద్దాల మీద పెట్టుకున్నాడు. గుహ లేదు. ఎదురు వీధిలో తీగ మీద కాకి, ఒళ్ళో వచ్చి కూచున్నంత దగ్గరగా. మెడ చుట్టూ బూడిద రంగు. ముక్కు మొదట్లో సన్నటి వెంట్రుకలు.

"కాకికి మీసాలుండాయి మంగళం" అన్నాడు. కళ్ళు తడిశాయి. వెంటనే తన మీద తనకే ఒళ్ళు మండిపోయింది. ఇన్ని ఆదివారాలు ఏం గాడిదలు కాశాడు?

ఇరవైకీ అంచులు మడిచి చూశాడు. ముప్పాతిక చీకటి. కనబడినంతలో కాకి పూనకం వచ్చినట్టు ఊగుతోంది. "పెద్ద నంబరుతో పాటు మన చేతి వణుకూ పెద్దదవుతుంది సార్. కళ్ళద్దాలవాళ్ళకు, అంచు మడిచి కన్ను దగ్గరికి చేరిస్తే, బొమ్మ నిండుగా అందేది ఆ ఎనిమిదిలోనే" అన్నాడు అళగేశన్. సంఘంవాళ్ళు చూసి ఎంచుకోవడానికి రెండూ ఇచ్చి పంపాడు.

బస్సులో గుహ సంగతంతా విని మంగళం అడిగింది, "అట్టయితే ఇన్నాళ్ళూ ఆడ ఏం చూస్తా ఉండారు?"

"పొంగలి."

ఆమె నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. "ఉన్నది ఉన్నట్టు చెప్పేసేయండి."

"చెప్తే ఎర్ర కాళ్ళు పోతాయే."

"పోతే పోనీ. అవేమన్నా మీ కాళ్ళా?"

ఆదివారం గట్టు మీద పొట్లాలు విప్పక ముందే సౌందరరాజన్ రెండూ ముందు పెట్టి, ఎనిమిదే కొందామన్నాడు. భీమేశ్వరరావు తన కళ్ళద్దాలు సర్దుకుని నవ్వాడు. "ఇరవై ఎక్కడ, ఎనిమిది ఎక్కడండీ? రెట్లు తక్కువ, రేటు ఎక్కువా?"

"అది వాపు సార్, బలుపు గాదు" అన్నాడు సౌందరరాజన్. ఎవరూ ఒప్పుకునేలా లేరు. ఇరవై కొంటే తాను మళ్ళీ గుహలోకే. కాకి మీసాలు చూసినాక అది మాత్రం ఆయన వల్ల కాదు. తలవంచుకుని చెప్పేశాడు. "నేను ఇంతదాకా ఒక్క పిట్టనీ చూడలా. నల్ల కొంగనీ చూడలా. ఎర్ర కాళ్ళు బొమ్మలో చూసి చెప్పినా."

కోసపాళయం టీచరమ్మ జయంతి ముందు తేరుకుంది. "ఏం మాట్లాడతా ఉండావన్నా? నువ్వు చెప్పినాకనే గదా నాకు ఎర్రగా అవుపడింది."

"గొప్పవాళ్ళు ఇలాగే వినయం పోతారండీ" అని భీమేశ్వరరావు తేల్చేశాడు. "మీరు చూశారు, నేనూ చూశాను. పేపర్లో కూడా పడింది. ఇంకా చర్చేమిటి?"

చేతులెత్తారు. ఇరవై గెలిచింది. సౌందరరాజన్‌కి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. అబద్ధం ఆడితే అందలం ఎక్కించారు, నిజం చెబితే నోరు మూయించారు. అందరూ వెళ్ళిపోయాక ఎనిమిదిని సంచిలో పెట్టుకోబోతుంటే వెనక దగ్గు వినిపించింది.

భీమేశ్వరరావు. "అది ఒకసారి ఇలా ఇస్తారాండీ, ఊరికే."

కళ్ళద్దాల మీద ఆనించి చెరువు వైపు తిప్పాడు. "అద్భు..." అని ఆగిపోయాడు. దవడ బిగిసింది. ఆ మొహం ఎవరిదో సౌందరరాజన్‌కి తెలుసు, ప్రతి ఆదివారం తాను పెట్టిన మొహమే. చెయ్యి చాచి రబ్బరు అంచులు రెండూ వెనక్కి మడిచాడు.

నీళ్ళలో ఎండిన మొద్దు మీద నీటికాకి రెక్కలు ఆరబెట్టుకుంటోంది. భీమేశ్వరరావు చాలాసేపు చూశాడు. అద్భుతం అనలేదు. అటూ ఇటూ ఎవరైనా ఉన్నారేమోనని చూసుకుని, గొంతు తగ్గించి అడిగాడు.

"నీటికాకి కళ్ళు ఆకుపచ్చగా ఉంటాయాండీ?"

"తెలీదు సార్" అన్నాడు సౌందరరాజన్. "ఇట్ట ఇయ్యండి, నేనూ చూస్తా."