ఎవరి తాలూకండీ?

మాస్టారు పోయారన్న కబురు నాకు తోటలో తెలిసింది. కొబ్బరి దింపు తీసే మనిషి చెట్టు మీద ఉన్నాడు. కాయలు పడుతున్న చప్పుడులో ఫోను సరిగా వినబడక మళ్లీ చెప్పమన్నాను. ఆయన పెద్దమ్మాయి ఓపిగ్గా మళ్లీ చెప్పింది.

"నాన్నగారు తెల్లారగట్ట నిద్దట్లోనే పోయేరండీ బాబాయి గారూ. చెల్లి మస్కట్ నుంచి రావాలి. మిల్లుకి ఫోను చేస్తే ఐసు పెట్టె ఖాళీ లేదన్నారు. మీరోసారి కనుక్కుంటారా?"

దూరాన ఉన్నవాళ్లు వచ్చేదాకా చనిపోయిన మనిషిని ఉంచే కరెంటు పెట్టె అది. మా ఊరికి ఒక్కటే ఉంది, అదీ మా సేవా క్లబ్బుది. దాన్ని ఏళ్ల తరబడి చూసుకున్నది ఈ మాస్టారే.

ఆయన హైస్కూల్లో నాకు ఇంగ్లీషు చెప్పారు. తర్వాత క్లబ్బులో నా పక్క కుర్చీలో కూర్చున్నారు. శనివారం సాయంత్రం కల్యాణ మండపం మేడ మీద మా మీటింగు. గంట కొట్టేవేళకు ఆయన ఒక్కరే ఉండేవారు. మిగతావాళ్లం బజ్జీల వాసనను బట్టి మెట్లెక్కేవాళ్లం. ఆయన టీ సాసరులో పోసుకుని, చల్లారాక కప్పులోకి తిరిగి పోసుకుని తాగేవారు. అలా ఎందుకని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

మా ఊరి దళితపేట నుంచి క్లబ్బులో చేరిన మొదటి మనిషి ఆయన. చివరిదాకా సెక్రటరీగానే ఉన్నారు. ఒకసారి ఆయన్ని ప్రెసిడెంటుని చేద్దామని నేనంటే, ఎరువుల కొట్టాయన అడ్డొచ్చారు. "మాస్టారు సెక్రటరీగా ఉంటేనే మనకి నిండుదనవండీ. ఇంగ్లీషు రాయాలి కదా."

"ఆయ్, నిజవేనండీ," అన్నారు మాస్టారు. "ప్రెసిడెంటుకి సంతకవొస్తే చాలు."

అందరూ నవ్వారు. ఆయన మాత్రం మినిట్స్ రాసుకుంటూ ఉండిపోయారు.

క్లబ్బు చేసే సేవ ఎలా ఉంటుందో పేపర్లో చూస్తూనే ఉంటారు. చలికాలంలో ఒక ముసలమ్మకి దుప్పటి ఇస్తే, దాన్ని పట్టుకోవడానికి ఎనిమిది చేతులు ముందుకొచ్చేవి. ఫోటో అయ్యాక మాస్టారు ఆవిడ భుజాల మీద ఆ దుప్పటి సర్దుతూ అన్నారు, "కప్పుకునేలోగానే నలిగిపోయిందమ్మా, ఏవనుకోకు."

ఐసు పెట్టె క్లబ్బుకి వచ్చిన వారం మీటింగులో, దాన్ని ఎక్కడ ఉంచాలన్నది పెద్ద ప్రశ్న అయింది. ఒకరింట్లో పెళ్లి ముహూర్తం ఉంది. ఇంకొకరి వాకిలి తూర్పు ముఖం. సేవకి వెనుకాడని వాళ్లందరూ ఆ పెట్టెను గుమ్మంలో పెట్టుకోవడానికి వెనుకాడారు. మాస్టారు చెయ్యెత్తారు. వాళ్ల వీధరుగు మీద పెట్టించి, మూత మీద ఆయన ఫోను నంబరు రాయించారు.

"ఇంటికొచ్చినోళ్లు ముందు దాన్ని చూసి, ఆనక నన్ను చూత్తన్నారండీ. దాన్లోంచి లేచొచ్చేననుకుంటున్నారో ఏవో," అనేది ఆయన భార్య, మాస్టారమ్మ. ఆవిడ బతికున్నన్నాళ్లూ ఆ పెట్టెను రోజూ తుడిచేది.

ఫోను వస్తే మాస్టారు అడిగేవి రెండే మాటలు. "ఎక్కడికండీ?" ఒకటి. "కరెంటు నిలకడగా ఉందాండీ?" రెండోది. పోయినవారి పేరు కూడా అడిగేవారు కాదు. మా వైపు కొత్త మనిషి కనబడితే మొదట వచ్చే ప్రశ్న ఆయన నోట రాలేదు. "ఎవరి తాలూకండీ?" అని మేము అడుగుతాం. వినడానికి మర్యాదగానే ఉంటుంది. ఎవరి బంధువు, ఏ వీధి, చివరికి ఏ కులం అన్నది ఆ ఒక్క మాటతో తేలిపోతుంది. కుర్చీ వెయ్యాలా, అరుగు మీద కూర్చోమనాలా అన్నది దాని తర్వాత సంగతి.

నేనొకసారి ఆయన్ని అడిగాను, పేరైనా తెలియకుండా పంపడం ఎందుకని.

"పేరడిగితే ఇంటిపేరు చెబుతారండీ. ఇంటిపేరు చెబితే నా చెవి ఊరుకోదు. నాకూ ఉంది కదండీ, చెవి," అన్నారు.

పెట్టె ఆయన దగ్గర లేకుండా పోవడానికి కారణం ఒక వేసవి రోజు. ఆ రోజు పేటలో ఊడ్పుల కూలీ ఒకావిడ పోయింది. కొడుకు హైదరాబాదు నుంచి రావాలి. పెట్టె అక్కడికి వెళ్లింది. అదే పూట ఊళ్లో పెద్ద ఆసామీ ఒకాయన పోయారు. వాళ్ల మనిషి మోటారు సైకిలు మీద వచ్చాడు.

"మాస్టారూ, ఎవరి తాలూకో తెలిసే మాట్టాడుతున్నారాండీ?"

"తెలుసు బాబూ. ముందు అడిగినోళ్లకి ముందు. ఆవిణ్ణి లేచి చోటిమ్మని మీరు అడుగుతారా, నన్నడగమంటారా?"

ఆ మాట ఊరంతా తిరిగింది. రెండు మీటింగులు గడిచాక క్లబ్బు ఒక తీర్మానం చేసింది. మాస్టారు పెద్దవారయ్యారు, వేళాపాళా లేని ఫోన్లతో ఆయన్ని ఇబ్బంది పెట్టడం భావ్యం కాదు, కనుక పెట్టెను ప్రెసిడెంటు గారి రైసు మిల్లుకి మార్చాలి అని. ఆ తీర్మానాన్ని మంచి ఇంగ్లీషులో రాసింది మాస్టారే. మూత మీది నంబరు చెరిపేశారు. ఆయన శనివారాలు మాత్రం మానలేదు.

ఇప్పుడు ఆ మిల్లుకే ఆయన పెద్దమ్మాయి ఫోను చేసింది. గుమాస్తా ఎత్తి, "ఎవరి తాలూకండీ?" అన్నాడట. ఆమె చెప్పింది. ఖాళీ లేదన్నాడు.

నేను వెళ్లేసరికి పెట్టె మిల్లు షెడ్డులోనే ఉంది, టార్పాలిన్ కింద.

"ఇక్కడే ఉంది కదయ్యా," అన్నాను.

"ప్రెసిడెంటు గారి మావయ్యగారికండీ. కాకినాడ ఆసుపత్రిలో ఉన్నారు. ఇవాళో రేపో అన్నారంట. అట్టేపెట్టమన్నారండీ."

"బతికున్నాయనకా?"

"ఆయ్," అన్నాడు గుమాస్తా.

ప్రెసిడెంటు గారికి అక్కణ్ణుంచే ఫోను చేశాను. "అయ్యో, మాస్టారు పోయేరా? మహానుభావుడండీ," అన్నారు. పెట్టె సంగతి ఎత్తితే, "ఆడవాళ్లకి మాటిచ్చేసేనండీ. తీరా ఆ వేళకి లేదంటే ఇంట్లో నా మొహం చూడరు. అమలాపురంలో కనుక్కోండి," అన్నారు. అమలాపురంలో కనుక్కున్నాను. అక్కడివి వేరే ఇళ్లకు వెళ్లి ఉన్నాయి.

ఉప్పలగుప్తం వైపు రొయ్యలకి ఐసు వేసే ఫ్యాక్టరీ ఉంది. దాన్ని నడిపేవాడు మాస్టారి దగ్గర చదువుకున్నవాడే. ఆటోలో దిమ్మలు వేయించి తనే తెచ్చాడు. అరుగు మీద మాస్టారిని పడుకోబెట్టిన బల్ల కింద, పక్కల, ఊకలో సర్ది పెట్టాం. అవి వేసవి రోజులు. కరిగిన నీళ్లు అరుగు మీంచి వీధి కాలవలోకి పోతూ ఉన్నాయి. పేట ఆడవాళ్లు గోనెలతో తుడిచి, బయట పిండి, మళ్లీ తుడిచారు. తుడిచిన ఆ అరుగు, ఒకప్పుడు ఐసు పెట్టె ఉన్న అరుగే.

చిన్నమ్మాయి మర్నాడు సాయంత్రం దిగింది. అప్పటికే మాస్టారి ముఖం మీదికి తెల్లగుడ్డ లాగి ఉంచారు. ఆ పిల్ల గుడ్డ అంచు పట్టుకుంది. అక్క చెయ్యి పట్టుకుని ఆపింది.

"వద్దే. నీకు తెలిసిన నాన్నగారినే గుర్తుంచుకో."

ఆ పిల్ల గుడ్డ వదిలేసి, తండ్రి పాదాల దగ్గర కూర్చుంది. పాస్టరు గారు ప్రార్థన క్లుప్తంగా ముగించారు. ముగించక తప్పని స్థితి.

కాకినాడ నుంచి ప్రెసిడెంటు గారి మావయ్యగారు వారంలో ఇంటికొచ్చేశారు. కొబ్బరి నీళ్లు తాగుతున్నారు. ఆయన చల్లగా ఉండాలి. ఆయన తప్పేమీ లేదు.

తర్వాతి శనివారం మీటింగులో మాస్టారికి మౌనం పాటించాం. మధ్యలో ఎవరిదో ఫోను మోగింది. మౌనం అక్కడితో సరిపోయింది. మాస్టారి సేవలకు గుర్తుగా ఐసు పెట్టెకు ఆయన పేరు పెట్టాలని ఎరువుల కొట్టాయన ప్రతిపాదించారు. చప్పట్లు కొట్టారు.

"పేరు సరేనండీ. ఆ రోజు పెట్టె ఎందుకు ఇవ్వలేదో కూడా మినిట్స్‌లో రాస్తారా?" అన్నాను.

"ఇప్పుడవన్నీ ఎందుకండీ, మంచి మాట చెప్పుకుంటుంటే," అన్నారు ప్రెసిడెంటు గారు. బజ్జీలు వచ్చాయి.

మొన్న ధాన్యం బస్తాల పని మీద మిల్లుకి వెళ్లాను. షెడ్డులో పెయింటరు గొంతుక్కూర్చుని పెట్టె మూత మీద మాస్టారి పేరు రాస్తున్నాడు. ఒకప్పుడు ఆయన ఫోను నంబరు ఉన్న చోటే, నీలం రంగుతో. మర ఆడుతోంది. ఊక దుమ్ము ఎగిరొచ్చి తడి అక్షరాలకు అంటుకుంటోంది. వాడు ఊదుతున్నాడు, అది మళ్లీ పడుతోంది.

లోపల ఫోను మోగింది. మర చప్పుడుకి గుమాస్తా స్పీకరు పెట్టి ఎత్తాడు. అవతల ఎవరో ఏడుస్తున్నది గుమ్మం దగ్గరున్న నాక్కూడా వినబడింది. గుమాస్తా ఏడుపు తగ్గేదాకా ఆగాడు. తర్వాత ఎంతో మర్యాదగా అడిగాడు.

"ఎవరి తాలూకండీ?"