నాలుగో నంబరు

పాప మీద ఒట్టు పెట్టి చెప్పమంటారేమో. పెట్టను. పాప మీద నేను ఒట్లు పెట్టను. కానీ ఇది జరిగింది. జగ్గయ్యపేటలో, మా ఇంట్లో, నాకే జరిగింది. నమ్మకపోతే మానెయ్యండి... చివరిదాకా వినండి, చాలు.

మాది కిరాణా హోల్‌సేల్ కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు. పక్క వీధిలో దొంగలు పడ్డాక మా ఆయన ఇంటికి అలారం పెట్టించారు. తలుపులకు అయస్కాంతం బిళ్ళలు. గదుల్లో మనిషి కదిలితే పసిగట్టే చిన్న తెల్ల డబ్బాలు. వెనక తలుపు పక్కన, గోడకి, నంబర్లు నొక్కే పలక. ప్రతి మనిషికీ ఒక నంబరు. ఒకటి ఆయనది, రెండు నాది, మూడు గుమాస్తాది, నాలుగు అత్తయ్యది. పొద్దున్నే ముందు లేచినవాళ్ళు తమ నంబరు నొక్కి అలారం ఆపి, అప్పుడు తలుపు తీయాలి. ఆ పని రోజూ అత్తయ్యే చేసేవారు. నాలుగింటికే లేచేవారు ఆవిడ.

రెండేళ్ళు అలా గడిచాయి. తర్వాత అత్తయ్య పోయారు.

మా వీధికి బ్రాడ్‌బ్యాండ్ వచ్చాక అలారాన్ని నెట్‌కి కలిపిద్దామని పట్టుబట్టింది నేనే. పాపకి అప్పుడు ఏడాదిన్నర. ఆయన సరుకు కోసం నెలకి రెండుసార్లయినా ఊళ్ళు వెళతారు. సైరన్ మోగితే వినేదెవరు, వచ్చేదెవరు? నెట్‌కి కలిపితే హైదరాబాద్‌లో ఒక ఆఫీసులో రాత్రంతా మనిషి కూర్చుని మన ఇంటిని కనిపెట్టుకుని ఉంటాడట. ఏ తలుపు తెరుచుకుందో, ఏ గదిలో ఎవరు కదిలారో అతని తెరమీద పడుతుందట.

బిగించడానికి వచ్చినతను పేర్లు రాసుకున్నాడు. నాలుగు దగ్గర ఆగాడు.

"ఇది ఎవరిది సార్?"

"మా అమ్మది. పోయింది," అన్నారు మా ఆయన.

"తీసేస్తా అయితే."

"వద్దు. సంవత్సరీకం కాలేదు. అప్పటిదాకా అమ్మవి ఏవీ కదపం. ఉండనీ."

అత్తయ్య చీరలు బీరువాలో అలాగే ఉన్నాయి. మంచం అలాగే ఉంది. నంబరు కూడా అలాగే ఉండిపోయింది. అతను ఆవిడ పేరు కూడా రాసుకున్నాడు.

రాత్రిపూట ఏ తలుపు తెరిచినా, ఎవరు తెరిచినా, నాకు ఫోన్ చెయ్యాలని నేను రాయించాను. మా ఆయన నవ్వారు. "మా ఆవిడ భయానికి హైదరాబాద్ సగం మేలుకోవాలి బాబూ," అన్నారు.

కలిపిన తొమ్మిదో రోజు అనుకుంటా. ఆయన గుంటూరు వెళ్ళారు. నందిగామలో మా అమ్మవాళ్ళింటికి వెళ్ళి పడుకోమన్నారు. పాపకి జలుబు, బస్సులో గాలి కొడుతుందని నేను వెళ్ళలేదు. వెనక తలుపుకి పై గడియ, కింద గడియ రెండూ వేశాను. అలారం పెట్టాను. మా గదికీ లోపల గడియ వేసుకుని పడుకున్నాను.

సెల్ మోగింది. నాలుగూ పది.

"మేడమ్, సెక్యూరిటీ ఆఫీసు నుంచి. పాస్‌వర్డ్ చెప్పుండ్రి."

చెప్పాను.

"వెనక తలుపు మీరే తీసిన్రా?"

"లేదండి. పడుకునున్నాం."

"తీసినట్టు వచ్చింది మేడమ్. దొంగలు కాదు, భయపడకుండ్రి. నంబరు నొక్కి అలారం ఆపిన్రు, అంటే ఇంట్లో మనిషే. తలుపు తీస్తే చెప్పమని రాయించిన్రు కదా, అందుకే చేసిన."

"ఏ నంబరు?"

కీబోర్డు టకటకలాడింది.

"నాలుగు. సుబ్బమ్మ గారు అని ఉంది. మీ అత్తగారా? ఒకసారి ఆమెని అడుగుండ్రి."



"ఆవిడ లేరండి."

"ఊరికి పోయిన్రా?"

"చనిపోయారు. ఇది పదకొండో నెల."

అవతల కుర్చీ కిర్రుమంది.   ఊపిరి వినపడుతోంది.

"మేడమ్... మీరు ఏ గదిలో ఉన్నరు?"

"బెడ్‌రూమ్‌లో."

"బయటికి రాకుండ్రి. వంటింట్లో కదలిక చూపెడుతోంది."

నేను చెవులు రిక్కించాను. ఫ్రిజ్ గుర్రుమంటోంది. పైన ఫ్యాను. అంతే. గిన్నె కదల్లేదు. అడుగు పడలేదు. ఎక్కడో హైదరాబాద్‌లో కూర్చున్న మనిషికి నా ఇల్లు తెలుస్తోంది. లోపలున్న నాకు తెలియడం లేదు.

"ఇప్పుడు హాలు."

పాప మీద చెయ్యి వేశాను. జ్వరం లేదు, ఒళ్ళు చల్లగానే ఉంది.

"ఇప్పుడు... మీ గది ముందు నడవ, మేడమ్."

నడవలో జీరో బల్బు రాత్రంతా వెలుగుతుంది. మా తలుపు కింద సన్నటి ఎర్రటి గీతలా కనిపిస్తుంది. ఆ గీతనే చూస్తున్నాను. ఎవరన్నా వచ్చి నిలబడితే గీత మధ్యలో నీడ పడాలి. పడలేదు. ఈ చివరినుంచి ఆ చివరికి అలాగే ఉంది... రెప్ప వెయ్యకుండా చూశాను. అలాగే ఉంది.

"ఇంకా అక్కడేనా?"

"ఇప్పుడు ఏం చూపెట్టట్లే."

"వెళ్ళిపోయారా?"

"పోతే హాల్లో పడాలి. పడలే." మళ్ళీ కీబోర్డు నొక్కాడు. "మీ గదిలో సెన్సర్ లేదు కదా మేడమ్?"

"లేదు."

"అయితే ఆ గదిలో ఏముందో నాకు తెల్వది."

తల తిప్పడానికి ధైర్యం చాలలేదు. పాప రోజూ ఆ వేళకి పాలకి లేచి ఏడుస్తుంది. ఆ రోజు ఏడవలేదు. నిద్రపోతోందో, కళ్ళు తెరిచి ఉందో, నేను చూడలేదు. చెయ్యి మాత్రం దాని పొట్టమీద ఉంచాను. పొట్ట లేస్తోంది, పడుతోంది. దాన్నే లెక్కపెట్టుకుంటూ ఉన్నాను.

ఇక్కడ మీకొకటి చెప్పాలి. మా ఆయనకి కూడా చెప్పలేదు.

అత్తయ్యకి చివరి నెలల్లో దగ్గు పట్టుకుంది. చంటిపిల్ల దగ్గరికి రానివ్వద్దని డాక్టరు అన్నారు. ఎన్నాళ్ళు అన్నది నేను అడగలేదు. మందులు వాడి తగ్గిందన్నాక కూడా నేను పాపని ఇవ్వలేదు. ఆవిడ అడగడం మానేశారు. కానీ రోజూ నాలుగింటికి లేచి, వెనక తలుపు తీసి, పెరడు కడిగి, ముగ్గేసి, లోపలికి వచ్చి... మా గది ముందుకి వచ్చి నిలబడేవారు. అప్పుడు తలుపు దగ్గరికి వేసి ఉంచేవాళ్ళం, గడియ వేసేవాళ్ళం కాదు. సందులోంచి పాపని చూసేవారు. దగ్గు వస్తే కొంగు నోట్లో కుక్కుకునేవారు. నేను నిద్ర నటించేదాన్ని. ఒక్కరోజు కూడా లేచి, రండి అత్తయ్యా, అనలేదు.

ఆ హైదరాబాద్ అబ్బాయి నా ఫోన్ పెట్టకుండా, ఇంకో ఫోన్‌లోంచి, మేం నంబరు రాయించి ఉంచిన ఎదురింటి బాబాయిగారికి చేశాడు. ఆయన టార్చి పట్టుకుని సందులోంచి వెనక్కి వెళ్ళారు. కిటికీ దగ్గర ఆయన గొంతు వినపడింది.

"అమ్మాయ్, నేనేరా. వెనక తలుపు నెట్టి చూశా, కదల్లేదు. లోపల్నించి వేసే ఉంది."

అప్పుడు లేచాను. లైటు వేశాను. గదిలో నేను, పాప. మా గడియ వేసినట్టే ఉంది. వెనక తలుపుకి పై గడియ, కింద గడియ, రెండూ వేసినవి వేసినట్టే ఉన్నాయి. పలక మీద మాత్రం పచ్చ లైటు. అలారం ఆగి ఉంది.

"నువ్వే పెట్టడం మర్చిపోయావేమోనమ్మా," అన్నారు బాబాయిగారు. పెట్టాను. పెట్టాననే అనుకుంటున్నాను.

మర్నాడు బిగించినతను వచ్చి పెట్టె విప్పి చూశాడు. ఆ పెట్టె పాత సంగతులన్నీ దాచుకుంటుందట. ఎవరు ఎప్పుడు నంబరు నొక్కారో, ఏ గదిలో కదిలారో. నెట్‌కి కలిపాక ఒక్కోసారి పాతవి కూడా పైకి పంపేస్తుందట. వాళ్ళ కంప్యూటరు వాటికి, అవి చేరిన రోజు టైమే వేసుకుంటుందట.

"అంటే అది మీ అత్తగారు బతికున్నప్పటి ఏదో ఒక పొద్దుట అండి. ఇప్పుడొచ్చి చేరింది, అంతే," అన్నాడు.

అప్పటికి తిరిగొచ్చిన మా ఆయన హమ్మయ్య అనుకున్నారు. "చూశావా," అన్నారు నాతో.

నేను హైదరాబాద్ ఆఫీసువాళ్ళు పంపిన ఆ రాత్రి వివరాల కాగితం తీసుకుని మళ్ళీ మళ్ళీ చదివాను. నాలుగో నంబరు. వెనక తలుపు. వంటిల్లు. హాలు. నడవ. అక్కడితో ఆఖరు.

"పాత రోజే అయితే ఆవిడ తిరిగి వెళ్ళింది కూడా ఉండాలి కదండీ. రోజూ తిరిగి వెళ్ళేవారు," అన్నాను.

"కొన్ని మధ్యలో పోతుంటాయి మేడమ్," అన్నాడతను.

పోయే ఉంటాయి. చదువుకున్నదాన్ని, నాకూ అదే సబబుగా తోస్తుంది. సంవత్సరీకం అయ్యాక మా ఆయన నాలుగో నంబరు తీయించేశారు. ఆ తర్వాత హైదరాబాద్ నుంచి అలాంటి ఫోన్ రాలేదు. నంబరు లేని మనిషి గురించి వాళ్ళకెలా తెలుస్తుంది?

ఇప్పటికీ ఆయన ఊళ్ళో లేని రాత్రి మా గది తలుపుకి గడియ వేస్తాను. పాప పక్కన పడుకుంటాను. నాలుగు కొట్టేవేళకి మెలకువ వస్తుంది. కింద ఎర్రటి గీత అలాగే ఉంటుంది. కొన్ని రాత్రులు పాపని దగ్గరికి లాక్కుని కళ్ళు మూసుకుంటాను.

కొన్ని రాత్రులు మాత్రం... లేచి వెళ్ళి, చప్పుడు కాకుండా, ఆ గడియ తీసి వస్తాను.